బెల్టు లోపలి పక్క

మంగళవారం పొద్దున జాకెట్టుకు చేతులు అతుకుతుంటే పక్కింటి అక్క కిటికీ దగ్గరికి వచ్చి చెప్పింది. "చెల్లె, కాక పోయిండంట. ఇప్పుడే దవాఖాన నుంచి ఫోనొచ్చింది." నేను మిషిన్ ఆపలేదు. ఆ కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచాను. ఎందుకట్ల చేశానో నాకే తెలియదు. ఆనాటి నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కుట్టుడు మొదలుపెడతాను, ఆపేస్తాను, గేటుదాకా నడిచి మళ్లీ లోపలికి వస్తాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో.

కాక నాకు రక్తసంబంధం కాదు. మా నాయన పనిచేసిన బొగ్గుబాయిలోనే బెల్టు ఫిట్టరు. బొగ్గును మోసుకొచ్చే పెద్ద రబ్బరు బెల్టులు తెగితే అతకడం, పక్కకు జరిగితే సరిచేయడం ఆయన పని. రిటైరయ్యాక గోదావరిఖనిలో మా వీధి చివర ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లయితే కట్టుకున్నాడు కానీ అందులో కూర్చున్నది తక్కువ. షిఫ్టుకు పోయేవాడి లెక్కనే పొద్దున్నే స్నానం చేసి, ఖాకీ అంగీ తొడుక్కొని వీధిలోకి వచ్చేవాడు. ఎవరింట్లో గ్రైండర్ కుయ్యిమన్నా, ఎవరి మోటారు కొట్టుకున్నా అక్కడ నిలబడేవాడు. పిలిచేదాకా ఆగేవాడు కాదు.

చిన్నప్పుడు వచ్చిన పోలియోతో నా కుడికాలు సన్నబడిపోయింది. ఎడమకాలితో మిషిన్ తొక్కీ తొక్కీ మోకాలు వాచిపోతే, మోటారు పెట్టించుకున్నాను. అది ఇంకో బాధ అయింది. దాని పెడలును ఎంత నొక్కాలో నా కాలికి తెలియదు. కొంచెం ఆనిస్తే చాలు, మిషిన్ ఒక్క ఊపున ఉరికేది. ఒకసారి సూది నా వేలిలో దిగింది. గుడ్డ కట్టుకొని కూర్చుంటే కాక వచ్చి చూశాడు. వేలిని కాదు, మోటారును.

"దీని ఉరుకుడు తగ్గియ్యాలె. అంతేగని నీ కాలును మార్చలేం గద బిడ్డా" అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నా కాలు గురించి జాలి లేకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

తెల్లారి నుంచి రోజూ వచ్చేవాడు. మోటారుకున్న బుల్లి పుల్లీకి, మిషిన్ చక్రానికి నడుమ ఇంకో ఇరుసు పెట్టి, దాని మీద ఒక పెద్ద పుల్లీ, ఒక చిన్న పుల్లీ బిగించాలన్నది ఆయన ఆలోచన. చిన్నది పెద్దదాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది. అట్లా రెండుసార్లు తగ్గిస్తే ఎంత నొక్కినా మిషిన్ మెల్లగనే నడుస్తుంది. చెప్పుకుంటే ఇంతే. చెయ్యడానికి చాలా రోజులు పట్టింది. మొదట చెక్కతో చేశాడు, బెల్టు జారింది. బెల్టును బిగించాడు, మోటారు కాలిపోయేటంత వేడెక్కింది.

"బిగిస్తే పట్టు రాదు, వేడొస్తది. బెల్టు పుల్లీని ఎంత చుట్టుకుంటే అంత పట్టు" అని, బెల్టు ఇంకొంచెం ఎక్కువ చుట్టుకునేట్టు పక్కన ఒక చిన్న గిలక పెట్టాడు. పుల్లీ గాడి అడుగుకు బెల్టు తగలొద్దని, గాడి రెండు గోడల నడుమ ఇరుక్కొని కూర్చోవాలని, తెలిసిన లేత్ షాపుకు పోయి అల్యూమినియంతో మళ్లీ మళ్లీ గాడి తీయించుకొచ్చేవాడు. "మంచమంత ఎడల్పు బెల్టులతోని కొట్లాడిన. ఈ వేలంత బెల్టు నన్ను కూసోనిస్తలేదు" అని ఆయనే నవ్వేవాడు.

చివరికి కుదిరింది. కాలు మొత్తం ఆనించినా సూది ఒక్కొక్క కుట్టు లెక్కపెట్టుకున్నట్టు నడిచింది. నాకు ఆశ పుట్టింది. జరీ అంచులకు ఇంకా మెల్లగా కావాలన్నాను. ఆయన మోటారు పుల్లీని ఇంకా చిన్నది చేసి పెట్టాడు. అదీ నడిచింది. వీధిలో పెండ్లి జాకెట్లన్నీ నా దగ్గరికి రావడం మొదలైంది.

కానీ కాక రావడం ఆపలేదు. కిటికీ బయట నిలబడి చెవి పెట్టి వినేవాడు. "కీచుమంటున్నది, ఒకసారి ఇప్పుదామా?" అనేవాడు. నాకేమీ వినిపించేది కాదు. "నడుస్తున్నదాన్ని ఎందుకు ఇప్పాలె కాక" అనేదాన్ని. ఒకరోజు నేను బజారుకు పోయి వచ్చేసరికి మోటారు, పుల్లీలు, బెల్టులు అన్నీ విప్పి చాప మీద పరిచి ఉన్నాయి. ఆయన నడుమ కూర్చొని ఉన్నాడు. సాయంత్రానికి ఒక పెండ్లిపిల్ల జాకెట్లు ఇవ్వాలి. నాకు ఒళ్లు మండింది.

"నీకు పొద్దుపోకుంటే ఇంకెక్కడన్న చూస్కో కాక. నా మిషిన్ మాత్రం ఇగ ముట్టకు" అన్నాను.

ఆయన మోటారు పుల్లీని ఒకసారి చేతిలో తిప్పి చూశాడు. అన్నీ ఎట్లున్నవో అట్లనే బిగించి వెళ్లిపోయాడు. ఆ జాకెట్లు టైముకే ఇచ్చాను.

తర్వాత నెల దాటినా మా ఇంటి మెట్టెక్కలేదు. వీధిలో పోయేటప్పుడు మాత్రం మా కిటికీ దగ్గర అడుగు మెల్లగయ్యేది. నేను తల ఎత్తేదాన్ని కాదు. ఒక మధ్యాహ్నం బెల్టు ఫట్మని తెగి నా మోచేతికి తగిలింది. తీసి చూస్తే లోపలి పక్కంతా అడ్డంగా పగుళ్లు, ఎండిన పెదవి లెక్క. పైనుంచి చూస్తే కొత్తదాని లెక్కనే ఉంది.

ఆ ముక్క పట్టుకొని వాళ్లింటికి పోయాను. ఆయన దాన్ని వేళ్ల మీద వంచి, పగుళ్లను గోరుతో గీరి చూశాడు.

"బెల్టుది తప్పు గాదు బిడ్డా. పుల్లీ మరీ చిన్నగ చేసిన. అంత చిన్నదాని మీద మడుసుకుంట తిరిగితే ఏ రబ్బరైనా పగులుతది. పెట్టిన నాడే నాకు అనుమానం. నువ్వు సంబురపడ్డవని చెప్పలేకపోయిన. ఆనాటి సంది కూసుంటే కూసోబుద్ధి గాలే."

నేను పొద్దుపోక వస్తున్నాడనుకున్నాను. ఆయన తన తప్పును తనే మోస్తూ మా కిటికీ చుట్టూ తిరిగాడు. ఆ మాట నాతో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు, అడగడానికి నాకు తోచలేదు. వారంలో మోటారు పుల్లీని పెద్దది చేశాడు, నడిమి పుల్లీని దానికి తగ్గట్టు ఇంకా పెద్దది చేశాడు. వేగం పెరగలేదు. కీచు కూడా లేదు. నేను క్షమించమని అడగలేదు. చాయ్ పెట్టి ఇచ్చాను, తాగాడు.

పోయిన నెల కాకను దవాఖానలో చేర్చారంటే పోయి చూశాను. మంచం మీద కూడా ఆయన వేళ్లు ఊరుకోలేదు, దుప్పటి అంచును మడుస్తూ విప్పుతూ ఉన్నాయి. నేను ఎట్లున్నవని అడగకముందే ఆయనే అడిగాడు.

"బెల్టు ఎట్లున్నది?"

"మంచిగున్నది కాక."

"లోపలి పక్క చూసినవా?"

చూడలేదు. చూసి వచ్చి చెప్తానన్నాను. అంగడి రోజని ఒకసారి, మబ్బు పట్టిందని ఒకసారి, కుట్టాల్సిన బట్టలున్నాయని ఇంకోసారి ఆగాను. మళ్లీ పోలేదు.

అంత్యక్రియల నుంచి వచ్చి, స్నానం చేసి, తడి వెంట్రుకలతోనే మిషిన్ దగ్గర కూర్చొని బెల్టు విప్పాను. లోపలి పక్క పైకి తిప్పి, వెలుతురుకు పెట్టి, వేలితో జానెడు జానెడు తడిమాను. ఒక్క పగులు లేదు. కాకకు చెప్పాలని లేచి గేటుదాకా పోయాను. వీధి చివర ఆయన ఇంటి ముందు టెంటు కనిపించింది. అక్కడే ఎంతసేపు నిలబడ్డానో.

పదకొండు రోజులు అయిపోయినంక కాక భార్య చిన్నమ్మ వచ్చింది. ఆయన ఖాకీ అంగీ ఒకటి తెచ్చి, దాన్ని దిండుకు తొడిగే గలీబుగా కుట్టియ్యమంది. జేబు కుట్లు విప్పితే, మూలల్లో ఇరుక్కున్న నల్లటి రబ్బరు పొడి నా ఒడిలోని తెల్లగుడ్డ మీద రాలింది. దులపబోయాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపింది. చూపుడువేలు ఆ పొడి మీద ఒత్తి, వేలికంటిన నలుపును బొటనవేలితో మెల్లగా రుద్దుకుంటూ కూర్చుంది.