పెద్దబాపును చంపిందెవరు

ఆ ఫోటో ఇచ్చింది నేనే. ఇంత చిన్న మాట నా నోటినుంచి బయటికి రావడానికి నా మీసం సగం తెల్లబడాల్సి వచ్చింది. మొన్నామధ్య మా అమ్మాయి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "నాన్నా, గీయన మన పెద్దతాతనే కదా? మెడల దండెందుకేసిండ్రు?" అని అడిగినప్పుడు ఫోన్ లాక్కుని చూశాను. పాత బొమ్మల పుస్తకాలు పోగుచేసే కుర్రాడెవరో, ఒకప్పుడు మా ప్రాంతంలో వచ్చిన 'గడపవతల' అనే దయ్యాల బొమ్మల పుస్తకం చరిత్రంతా రాసి, అందులోని బొమ్మలతో సహా నెట్‌లో పెట్టాడు. కుర్రాడు కష్టపడ్డాడు, కాదనను. ఏ సంచికలో ఏ దయ్యం ఎవరిని పట్టుకుందో నాకంటే బాగా చెప్పాడు. కానీ చివర్లో, ఊరివాళ్ల మీద కసితో చిత్రకారుడు బతికున్న మనుషులను శవాలుగా గీశాడనీ, పుస్తకం మూతపడింది అందుకేననీ ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ చిత్రకారుడికి ఎవరిమీదా కసి లేదు. చీమ కుడితే ఆ చీమను పక్కకు దించి పని చేసుకునే మనిషి ఆయన. కసి ఉన్నవాడు వేరే ఉన్నాడు. వాడి గురించే ఈ రాత.

ఆ రోజుల్లో విమానాశ్రయం ఇంకా కాగితాల మీదే ఉండేది. తొండుపల్లిలో మా ఇంటిమీదుగా కొంగలు తప్ప మరేవీ ఎగిరేవి కావు. కాగితాలు కదిలినకొద్దీ చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఇంటికీ ఫోటోల అవసరం వచ్చిపడింది. భూమి ఉన్నవాడికీ ఫోటో కావాలి, ఉన్నదని వాదించేవాడికీ ఫోటో కావాలి. నేను అప్పుడే చదువు చాలించి (చదువే నన్ను చాలించింది, అది వేరే సంగతి) శంషాబాద్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. మా స్టూడియో సేటుకు ఒకటే బెంగ, ఫోటోలో కళ్లు మూతపడితే ఆఫీసువాళ్లు వాపసు పంపుతారని. అందుకని వచ్చిన ప్రతివాణ్ణీ స్టూలు మీద కూర్చోబెట్టి, "కండ్లు మూయొద్దు పటేలా! పెద్దగ తెరువు! ఇంకా పెద్దగ!" అని గదమాయించేవాడు. పుట్టినప్పటినుంచి ఎండలో కళ్లు చికిలించి బతికిన రైతులు ప్రాణం బిగబట్టి, కనుగుడ్లు బయటికొచ్చేలా తెరిచేవాళ్లు. అప్పుడు ధన్‌మని లైటు పడేది. ఫలితంగా మా చుట్టుపక్కల ఊళ్ల ఫోటోలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఆ జనమంతా ఒకేసారి దయ్యాన్ని చూసినట్టుండేవాళ్లు.

మా స్టూడియో పక్కనే బోర్డులు రాసే కుంచన్న దుకాణం. వాళ్లది మామిడిపల్లి. చర్చిలో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, చెవిమీద ఎప్పుడూ కుంచె ఉండేది కాబట్టి అందరికీ కుంచన్నే. బండి నంబర్లు, కిరాణా బోర్డులు తిండికోసం రాసేవాడు. వాళ్ల చర్చి గోడమీద పెద్ద అక్షరాలతో వాక్యాలు మాత్రం ప్రేమతో రాసేవాడు, ఆదివారం ఆ గోడముందు నిలబడి పిల్లాణ్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఈయనకు 'గడపవతల' ఎలా తగులుకుందంటే, మైలార్‌దేవ్‌పల్లిలో పెళ్లికార్డుల ప్రెస్సు నడిపే మా కార్డుల మామ వల్ల. మూఢాలొస్తే పెళ్లిళ్లుండవు, పెళ్లిళ్లు లేకుంటే కార్డులుండవు, మిషన్ ఊరికే ఉంటే తుప్పు పడుతుంది. కాబట్టి ఆ ఖాళీ రోజుల్లో మామ దయ్యాల పుస్తకం అచ్చువేసేవాడు. సంచికకు మూడు నాలుగు కథలు, అందులో ఒకటి సస్పెన్సు. కథలు మామే రాసేవాడు. ఎన్నో ఏళ్లు పెళ్లిపత్రికలు రాసిన చెయ్యి కదా, బావిలోంచి లేచిన పిశాచం కూడా "కావున తాము సకుటుంబ సపరివార సమేతముగా" అని మొదలుపెట్టేది. అట్టకు మిగిలిపోయిన కార్డుల కాగితమే. ఒక సంచికలో రక్తం కారే కోరల పైన బంగారు రంగులో 'శుభమస్తు' అని ఉండిపోయింది. దాన్ని చూసి భయపడనివాడు లేడు.

కుంచన్నకు చెయ్యి గొప్పదే గానీ ఒక ఇబ్బంది ఉండేది. "ముఖం కండ్ల ముంగట లేకుంటే నా చెయ్యి నడ్వదు తమ్మీ" అనేవాడు. మొదటి సంచికలో దయ్యాలన్నిటికీ భార్య ముఖమే పెట్టాడు. ఆ పుస్తకం ఇంటికి చేరిన రోజునుంచి వదిన ఆయనకు అన్నం పెట్టడం మానేసింది. పాపం, డబ్బా ఖాళీగా తెచ్చుకుని నా డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన తట్టింది (నాకు తట్టిన గొప్ప ఆలోచనలన్నీ ఇంకొకరి కొంప ముంచినవే). స్టూడియోలో ప్రతి మనిషి ఫోటోలూ ఒకటో రెండో మిగిలేవి. సేటు వాటిని డబ్బాలో పడేసేవాడు. నేను గుప్పెడు తెచ్చి కుంచన్న ముందు పోశాను.

"ఎవరియిరా గివి?"

"పారేసినయే అన్నా. ఊరు పేరు లేనివి."

ఆయన ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాడు. "అరె, ఒక్కొక్కనిదీ ఏం భయంరా! గిట్ల భయపెట్టాల్నంటే దయ్యంతోటి గూడ కాదు. అడిగే తెచ్చినవా?"

"ఆఁ, అడిగిన" అన్నాను. అబద్ధం. ఒక్కరినీ అడగలేదు.

అక్కణ్నుంచి 'గడపవతల' దశ తిరిగింది. ఆ ముఖాల్లో భయం నిజంగా కనిపించేదని జనం ఎగబడి కొన్నారు. పల్లెటూళ్ల పెద్దమనుషులు తమకు తెలియకుండానే గోతుల్లో పడ్డారు, చెట్లకు వేలాడారు, పిశాచాలకు ఫలహారమయ్యారు. వాళ్లెవరూ బొమ్మల పుస్తకాలు చదివేవాళ్లు కాదు గనక బతికిపోయాం. ఇంతలో మామ కొత్త సస్పెన్సు కథ రాశాడు. ఊరి మోతుబరి అనుమానాస్పదంగా చనిపోతాడు, చంపిందెవరో తరువాయి సంచికలో. కుంచన్న నన్ను పిలిచి, "ఈసారి జర పెద్దమనిషి ముఖం కావాలె తమ్మీ. మంచి మీసాలుండాలె" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, బస్టాపులో పదిమంది ముందు నా చెవి మెలేశాడు. నా తప్పల్లా నొసటిమీదికి జుట్టు దువ్వుకోవడం. "గీ ముంగురులేందిరా? బర్రెను దువ్వమంటే నిన్ను నువ్వు దువ్వుకుంటున్నవా?" అన్నాడు. కాలేజీ ఆడపిల్లలు నవ్వారు. చెవి ఎర్రగా ఉండగానే స్టూడియోకు వెళ్లి, భూమి కాగితాలకోసం ఆయన దిగిన ఫోటో వెతికి, తీసుకెళ్లి కుంచన్న చేతిలో పెట్టాను. వెడల్పు మీసాలు, తలకు రుమాలు, పిడుగు పడ్డట్టు తెరిచిన కళ్లు. "అబ్బ! గీయన సచ్చిపోనీకే పుట్టిండురా" అని మురిసిపోయాడు పాపం. ఆయన మా పెద్దబాపు అని నేను చెప్పలేదు. కసి అంటే అదీ. కుర్రాడు రాసిన చరిత్రలో ఆ మాట నిజమే, మనిషే తప్పు.

ఆ కథలో ఒక బొమ్మ అచ్చం వార్తాపత్రిక ముక్కలా గీశాడు. మధ్యలో పెద్దబాపు ముఖం, చుట్టూ బంతిపూల దండ, కింద 'ఆకస్మిక మరణం'. పుస్తకంలో చూస్తే అది కథే. కానీ పుస్తకాలు ఎల్లకాలం పుస్తకాలుగా ఉండవు కదా. మైలార్‌దేవ్‌పల్లిలో ఉండే మా మేనత్త ఒక సాయంత్రం బండిమీద పల్లీలు కొనుక్కుంది. తింటూ తింటూ పొట్లం విప్పితే అడుగున దండతో సొంత అన్న. ఆమెకూ పెద్దబాపుకూ అప్పటికి చాలా ఏళ్లుగా మాటల్లేవు (ఒక పెళ్లిలో పెట్టిన చీర దగ్గర మొదలైంది ఆ పంచాయితీ). మాటల్లేవు గాబట్టి చావుకబురు కూడా చెప్పలేదనుకుంది. ఆటో ఎక్కింది.

ఊరి మొదట్లోనే ఆటో దిగి గుండెలు బాదుకుంటూ నడిచింది. మా ఊళ్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఏడుస్తూ వస్తే కారణం అడగకూడదు. ముందు కలిసి ఏడ్వాలి, తర్వాత నెమ్మదిగా అడగాలి. కాబట్టి ఆమె మా ఇంటికి చేరేసరికి వాడకట్టు ఆడవాళ్లంతా వెనక శోకాలు పెడుతున్నారు. నేను అరుగుమీద కూర్చుని టీ తాగుతున్నాను. గొడవ విని పెద్దబాపు పాలచెంబుతో బయటికొచ్చాడు. ఏళ్ల తర్వాత గడపలోకొచ్చిన చెల్లెలు, ఆ గోస చూసేసరికి ఆయనకూ దుఃఖం ఆగలేదు. చెంబు పక్కన పెట్టి ఆమె మెడమీద పడి భోరుమన్నాడు.

"అయ్యో చెల్లే! ఎవలు పోయిండ్రే?"

"నువ్వే పోయినవు గదా అన్నా!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది అత్త.

"అయ్యో!" అన్నాడు పెద్దబాపు కూడా, అలవాటుకొద్దీ.

అత్త తలెత్తి చూసింది. అంతే, తెలివితప్పి విరుచుకుపడింది. నీళ్లు చల్లి లేపితే, లేస్తూనే పల్లీల కాగితంతో అన్న చెంప మీద ఒక్కటిచ్చింది. "బతికుండి గింత ఏడిపిస్తవా! సిగ్గుందా నీకు?" పెద్దబాపు ఆ కాగితం విప్పాడు. తన శ్రద్ధాంజలి తాను చూసుకున్న మనిషి ముఖం నేను చూశాను. స్టూడియోలో సేటు ఎంత గదమాయించినా ఆ కళ్లు అంత పెద్దవి కాలేదు. నా చేతిలో టీ నా తొడమీద ఒలికింది. కాలుతున్నా లేవలేదు.

బొమ్మ మూలన సంతకం ఉంది కాబట్టి మర్నాడు ఊళ్లో సగం మంది కుంచన్న దుకాణం ముందున్నారు. అన్నాచెల్లెళ్లు కూడా పక్కపక్కనే నడిచి వచ్చారు. ఏళ్ల పగ ఒక్క పొట్లంతో తీరిపోయింది, దాన్ని మోయడానికి ఇప్పుడు కుంచన్న దొరికాడు. ఆయన కింద కూర్చుని బండి నంబరు రాస్తున్నాడు.

"నా ముఖం నీకాడికి ఎట్లొచ్చెరా?" అని పెద్దబాపు కాగితం ఆయన ముందు పడేశాడు.

కుంచన్న కాగితం చూశాడు. తర్వాత గుంపులో నన్ను చూశాడు. పెద్దబాపుదీ నాదీ ఒకటే ముక్కు, అది ఆయనకు అప్పుడే కనబడిందనుకుంటాను. నేను పైన తిరగని పంకా వైపు చూశాను. చాలాసేపు చూశాను.

"బజార్ల చూసిన బాపు" అన్నాడు కుంచన్న. "గసుంటి మీసాలు మర్చిపోతమా? యాదుంచుకుని గీసిన. తప్పయింది."

అక్కడితో ఊరుకున్నా కొంత మనిషిననిపించుకునేవాణ్ని. కానీ పెద్దబాపు చూపు నా వైపు తిరుగుతోందని భయమేసి, గుంపులోంచి గొంతు పెంచి, "బతికున్నోళ్లను గట్ల గీయొచ్చునా అన్నా? నీకు ఇంట్ల పెద్దలు లేరా?" అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పెద్దబాపు నా భుజం తట్టాడు. కుంచన్న మాత్రం కళ్లింత చేసుకుని నన్ను చూసి, కుంచె చెవిమీద పెట్టుకుని తల వంచుకున్నాడు. నన్ను చూసి ఆయన అంత ఆశ్చర్యపోవడం అదే మొదటిసారి. దయ్యాలు గీసినాయన అంతకుముందు దేనికీ అదిరిపడలేదు.

తర్వాత చాలా మెల్లగా జరిగింది. బోర్డుల పనులు రావడం తగ్గింది. దయ్యాలు గీసిన చేత్తో వాక్యం రాయించడమెందుకని వాళ్ల చర్చి పెద్దలు మర్యాదగానే చెప్పారట. గోడమీద వాక్యం సగంలో ఆగింది. ఆ మిగతా సగం ఎవరో ముద్దముద్ద అక్షరాలతో పూర్తి చేశారు. పెళ్లిళ్ల ముహూర్తాలు రాగానే మామ మళ్లీ కార్డుల్లో పడి 'గడపవతల' మూసేశాడు. కుంచన్న దుకాణం ఖాళీ చేసి మామిడిపల్లికి వెళ్లిపోయాడు. సేటు, మామ ఇద్దరూ ఇప్పుడు లేరు (నిజంగానే లేరు, దండలు నేనే చూసి వచ్చాను). నేను ఎయిర్‌పోర్టు రోడ్డు మీద వీసా ఫోటోల దుకాణం పెట్టుకున్నాను. రోజంతా "కళ్లు మూయొద్దు" అనడమే నా బతుకుదెరువు. మామిడిపల్లి మీదుగా వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా, కుంచన్న అక్కడ పెట్టుకున్న బండి స్టిక్కర్ల దుకాణం రాకముందే ఏదో సందులోకి బండి తిప్పేవాణ్ని. ఆ ఊళ్లో సందులన్నీ నాకు అలా తెలిసినవే.

కుర్రాడి చరిత్ర చదివిన తెల్లవారి ఇక తిప్పలేకపోయాను. పెద్దబాపును కారెక్కించాను. బొమ్మల పుస్తకంలో చనిపోయిన ఆయన ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు. చెవులు మాత్రం పనిచేయవు. అదే నా కొంప ముంచింది. కుంచన్న దుకాణంలో గుసగుసగా ఒప్పుకుందామని వెళ్లినవాణ్ని, వీధంతా వినేలా అరవాల్సి వచ్చింది.

"ఆ ఫోటో నేనిచ్చిన పెద్దబాపూ!"

"ఏ ఫోటో?"

"నువ్వు సచ్చిపోయిన ఫోటో! కుంచన్న గీసిండు గని ఇచ్చింది నేను! ఆయనకేం ఎర్క లేదు! నువ్వు చెవి మెలేసినవని నేనే ఇచ్చిన!"

ఎదురుగా టీ కొట్టువాడు గ్లాసు కడగడం ఆపాడు. బండికి నంబరు అంటించుకుంటున్న ఆటోవాలా లేచి నిలబడ్డాడు. పెద్దబాపు తెల్లమీసాలు సవరించుకున్నాడు. ఇప్పుడు పడుతుంది దెబ్బ అనుకుని, కూర్చున్న స్టూలు మీదే చెవి మూసుకున్నాను. ఆయన నన్ను వదిలేసి కుంచన్న వైపు వంగాడు.

"అదట్లుంచు గని, ఇన్నేండ్లసంది అడుగుదామనుకుంటున్న. ఆ కథల నన్ను సంపిందెవడు?"

కుంచన్న నవ్వాడు. పళ్లు కొన్ని పోయాయి గానీ నవ్వు అదే. పెద్దబాపు చెవి దగ్గరికి జరిగి గట్టిగా చెప్పాడు: "మీ సొంత తమ్ముని కొడుకే బాపు! మామ రాసిండు. గానికి సరైన ముఖం దొరకలే, గప్పటికెల్లి ఆ బొమ్మల ముఖం జాగ ఖాళీగనే ఉన్నది."

అప్పుడు నా వైపు తిరిగాడు. అద్దాలు పైకి నెట్టి, స్టిక్కరు కాగితం వెనక్కి తిప్పి, చెవిమీది పెన్సిలు తీశాడు. "కదలకు తమ్మీ. గట్లనే ఉండు. అబ్బ, ఏం భయంరా! కండ్లు మూయకు."

జీవితమంతా అందరినీ కళ్లు మూయొద్దని బెదిరించిన నేను స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాను. ముంగురుల కోసం ఇంత చేసిన ఒకప్పటి నేను గుర్తొచ్చి నవ్వు వచ్చింది (ఇప్పుడా ముంగురులు కూడా లేవు). తెరిచి ఉంచిన కళ్లలో నీళ్లు నిండాయి.

"అన్నా..."

"మూతి కదపకు. గీత పోతది."

మూతి కదపకుండా, పళ్ల మధ్యనుంచే చెప్పాను. "తప్పు నాది అన్నా. ఆ దినం నేను పంకా చూసిన. నన్ను మాఫ్ చెయ్యి."