వెనక చక్రం నట్టు

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. నా పేరు అడక్కండి. ఊరు చిలకలూరిపేట చుట్టుపక్కల అనుకోండి, చాలు. ఒక మనిషి చేయని తప్పును నేను అతని నెత్తిన పెట్టాను. పెట్టి, నోరు మూసుకుని కూర్చున్నాను. అతను మా మరిది రాఘవ.

చూడండి, మొదలుపెట్టానో లేదో గుండె దడదడలాడుతోంది. భయం వల్లనే కాదు. ఆ జీపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఇంతే.

ఎనభైల నాటి సంగతి. మా మామగారు ఏదో ఆఫీసు వాళ్ళ వేలంపాటలో ఒక ముసలి జీపు పాడుకొచ్చారు. అదెన్ని ఊళ్ళు తిరిగిందో ఎవరికీ తెలీదు, మీటరు ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మా ఆయన దాన్ని చూసి, "పాత ఇనప సామాన్లకి వేసెయ్యండి నాన్నా" అన్నారు. రాఘవ మాత్రం బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, తల బయటికి తీయకుండానే "నేను నడిపిస్తా" అన్నాడు.

గొడ్లచావిడి పక్కన రేకుల పంచలో ఇంజను విప్పాడు. కాఫీ ఇవ్వడానికి వెళ్ళిన నేను గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అంత మసిలో, జిడ్డులో ఒక్కొక్క ముక్కా ఎలా అమరి ఉందో! ఏది కదిలితే ఏది కదులుతుందో! మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. "వదినా, ఆ స్పానరు అందుకో" అనేవాడు. కొన్నాళ్ళకు అడక్కుండానే ఏది కావాలో అందించడం వచ్చేసింది. వాల్వులకు పేస్టు రాసి అరచేతుల మధ్య కర్ర పెట్టి అటూ ఇటూ తిప్పాలి. అచ్చం మజ్జిగ చిలికినట్టే. "నాకివ్వవయ్యా" అని లాక్కుని తిప్పేశాను. అతను వాల్వును వెలుతురుకి పట్టి చూసి, "ఇంత నున్నగా నాక్కూడా రాదు వదినా" అన్నాడు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక నా చేతిపనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. పప్పు బాగుందని కూడా ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఇంజను మొదటిసారి అందుకున్న రోజు కళ్ళంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళందరూ లేచి పరిగెత్తుకొచ్చారు. నల్లటి పొగ, చెవులు పగిలే మోత. రాఘవ గంతులేశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, కేక బయటికి రాకుండా.

ఇక మిగిలింది బ్రేకులు. గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. ఒకళ్ళు లోపల కూర్చుని పెడలు తొక్కుతూ ఉండాలి, ఇంకొకళ్ళు చక్రం వెనక ఉండే చిన్న నట్టు వదులు చేసి, గాలి బుడగలన్నీ పోయాక బిగించాలి. పెడలు దగ్గర నేను. చక్రాల దగ్గర అతను. "తొక్కు వదినా! పట్టుకో! ఆ, వదులు!" ఆఖరి చక్రం, ఎడమవైపు వెనకది. తల తిప్పి చూశాను. స్పానరుతో నట్టు బిగించాడు. బిగించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ఒకసారి పట్టి చూశాడు. నా కళ్ళతో నేను చూశాను.

అతను నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళాడు. అన్నిటికంటే ఎక్కువగా నేను చూడాలనుకున్నవి ఆ బుడగలే. అవి మాత్రం నాకు కనిపించలేదు. ఒక్కసారి చూస్తే ఏం పోతుంది? కింద కూర్చుని నట్టు కొంచెం తిప్పాను. బ్రేకు నూనె చుక్క జారింది. ఇంకో చుక్క. చివర్న ఒక చిన్న బుడగ మెరిసి పగిలింది. ఎంత సంతోషమేసిందో! ఇంతలో మా అత్తగారు వంటింట్లోంచి కేకేశారు. ఉలిక్కిపడి స్పానరు వదిలేశాను. నట్టును వేళ్ళతో బిగించి, కొంగుతో తుడిచి పరిగెత్తాను. మళ్ళీ వచ్చి గట్టిగా బిగిద్దామనుకున్నాను.

వచ్చేసరికి మిరపకాయల బస్తాలు, టిక్కీలంటాం, జీపులోకి ఎక్కించేశారు. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చున్నారు. అంతకుముందు వెక్కిరించిన మనిషే, గుంటూరు మిర్చి యార్డుకి మొదటి ట్రిప్పు తనే తీసుకెళ్తానని పట్టుబట్టారు. వీధంతా జనం. ఆపండి అని ఒక్క కేక వేస్తే చాలు. అంతమందిలో, మామగారి ముందు, నేను చక్రం దగ్గర కూర్చుని నట్టు విప్పానని ఎలా చెప్పను? వేళ్ళతో బిగించాగా, ఆగుతుందిలే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? జీపు వెళ్ళిపోయింది. నేను చెయ్యి కూడా ఊపాను.

రోడ్డు వంపులో పత్తి తీతకు వెళ్తున్న కూలీలు అడ్డం వచ్చారు. బ్రేకు పెడలు అడుగుదాకా దిగిపోయింది. మా ఆయన వాళ్ళ మీదికి పోనివ్వకుండా స్టీరింగు కోసేసి మురుగుకాలవలోకి దింపారు. జీపు తిరగబడింది. తర్వాత చూస్తే ఎడమవైపు వెనక చక్రం నట్టు ఊడి, బ్రేకు నూనెంతా కారిపోయి ఉంది. వాళ్ళకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ఆయన కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది. పోయేదాకా కుంటుతూనే నడిచారు.

గుంటూరు బ్రాడీపేటలో ఆస్పత్రి. కాలికి కట్టు. ఆయన మంచం మీదనుంచే అరిచారు.

"ఒరేయ్, నట్టు బిగించావా లేదా?"

"బిగించానన్నయ్యా."

"బిగిస్తే ఎట్టా ఊడిందిరా? నన్ను చంపుదామనుకున్నావా?"

రాఘవ నావైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. "వదినా, నువ్వు అక్కడే ఉన్నావుగా. నేను బిగించటం చూశావుగా? చెప్పు వదినా."

"నేను చూళ్ళేదయ్యా" అన్నాను.

అంతే. అతను నన్ను అనుమానించలేదు. తన చేతులకేసి చూసుకున్నాడు. "ఏమో... మర్చిపోయానేమో" అన్నాడు.

చిలకలూరిపేటలో మెకానిక్ షెడ్డు పెడదామనుకున్న రాఘవ సామాన్లన్నీ ఎవరికో ఇచ్చేశాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. పొలం పంచుకుని అద్దంకి వైపు అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో కనిపించాడు. విడిదింటి గదికి తాళం వేశాడు. నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూశాడు. అయినా నమ్మకం కుదరక, "నువ్వోసారి చూడవే" అని భార్యకు చెప్పాడు. ఆమె విసుక్కుంటూ చూసింది. నేను పక్కకు తప్పుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? తిడతారని భయం, ఉంది. కానీ అసలు సంగతి వేరే ఉందేమో. నేను చేశానని తెలిస్తే నన్నిక ఆ పంచలోకి అడుగు పెట్టనివ్వరని, మళ్ళీ నాకు స్పానరు పట్టుకునే యోగం ఉండదని, ఆ మంచం పక్కన నిలబడి కూడా నేను ఆలోచించింది దాని గురించేనేమో. విరిగిన కాలు కంటే, ఏడుస్తున్న మనిషి కంటే నాకు అదే ఎక్కువైందా? అయింది. అయినా ఆ పంచ మూతబడింది. జీపును ముక్కలుగా అమ్మేశారు.

ఇంకో సిగ్గుమాలిన మాట. ఇది రాస్తుంటే ఏడుపు రావాలి కదా? ఒళ్ళు పులకరిస్తోంది. ఇంజను అందుకున్న మోత, రాఘవ గంతులు, ఆ బుడగ... తప్పు ఒప్పుకుంటున్నానో, ముచ్చట చెప్పుకుంటున్నానో నాకే తెలీదు. రెండూ ఒకే రోజుల్లో ఉన్నాయి. ఒకటి వదిలి రెండోది చెప్పడం నావల్ల కాలేదు.

మా ఆయన ఈ సంగతి తెలియకుండానే పోయారు. రాఘవ ఉన్నాడు. దీన్ని చదువుతాడో లేదో, చదివి నా గడప తొక్కుతాడో లేదో నేనెరగను. క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. అతనికి చెప్పాల్సిన ముక్క ఒకటుంది. ఆస్పత్రిలో అడిగినప్పుడే చెప్పాల్సింది.

చూశాను రాఘవా. నువ్వు బిగించావు. గట్టిగానే బిగించావయ్యా. విప్పింది నేను.