ఇంటి కోసం పేర్చిన రాళ్లు

జహీరాబాద్ బస్టాండులో నేనూ నా భార్యా గుట్టవైపు వెళ్లే బస్సు కోసం కూర్చున్నాం. పక్కనున్న నడివయసు మనిషి మా బూట్లు చూసి పలకరించాడు.

"గుట్ట ఎక్కుతున్రా? మీరు గూడ రాయి మీద రాయి పేరుస్తరా?"

"పేరుస్తం అన్నా. గట్ల పేరిస్తే సొంతిల్లు అయితదంటరు గదా," అని నవ్వింది నా భార్య.

ఆయన నవ్వలేదు. "జర తొవ్వ పక్కన పెట్టకు చెల్లె. వెనకొచ్చెటోళ్లు గది తొవ్వ గుర్తు అనుకుంటరు. మొన్న వానకాలం మా తమ్ముడు గట్లనే లోయ దిక్కు పోయిండు."

ఆ తర్వాత ఏమైందో మేము అడగలేదు. ఆయన బస్సు ముందు వచ్చింది.

గుట్ట మీద దారి రెండుగా చీలేచోట, లోయ వైపున నిజంగానే ఒక రాళ్ల కుప్ప ఉంది. నా భార్య దాన్ని కాలితో కూలదోసింది. మేము రెండో దారిన పైకి వెళ్లాం.

మధ్యాహ్నం దిగివచ్చేసరికి అక్కడే ఇంకో కుప్ప లేచింది, పొద్దుటి దానికంటే ఎత్తుగా. దాని పక్కనుంచి తడి మట్టిలో చెప్పుల అచ్చులు లోయ వైపు వెళ్లాయి. తిరిగి వచ్చిన అచ్చులు కనిపించలేదు.

నా భార్య ఆ వైపు తిరిగి గట్టిగా పిలవడం మొదలుపెట్టింది.