సిస్టరమ్మ సొంత ఊరు

నా చిన్నప్పుడు మా కొండల్లో తెల్లవాళ్లంతా ఒకటేనని అనుకునేవాళ్లం. వాళ్ల దేశాలన్నీ కలిసి ఒకే పెద్ద ఊరని, అక్కడ పుట్టిన ప్రతివాళ్లకీ మేడ, కారు, బూట్లు, మూడు పూటలా తిండి ఉంటాయని మా ఊహ. పదేళ్లు వచ్చేదాకా నాదీ అదే నమ్మకం. దాన్ని పోగొట్టిన మనిషి గురించి చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. నాకిప్పుడు అరవై దాటాయి. టీచరుగా రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఇంకా దాటవేయడం మంచిది కాదు.

మాది గుమ్మలక్ష్మీపురం దాటి రెండు కొండలు ఎక్కితే వచ్చే జాతాపు గిరిజనుల ఊరు. పట్టుమని ఇరవై ఇళ్లు లేవు. నాన్న పోడు చేసి చోళ్లు, సామలు, కందులు పండించేవాడు. అమ్మ అడ్డాకులు, చింతపండు నెత్తిన పెట్టుకుని కొండ కింద సంతకు దిగేది. ఆ సంత ఊళ్లో చర్చివాళ్ల బడి, దాని పక్కనే ఆడపిల్లల హాస్టలు ఉండేవి. మా ఊళ్లో బడి లేదు. అందుకని నాకు ఎనిమిదేళ్లు వచ్చినప్పుడు అమ్మ నన్ను తీసుకెళ్లి అక్కడ చేర్చింది.

హాస్టల్లో ఇద్దరు తెల్ల సిస్టరమ్మలు ఉండేవారు. ఒకరు పెద్ద సిస్టరమ్మ. పొడుగ్గా, నిటారుగా ఉండేది. తక్కువ మాట్లాడేది. రెండో ఆమె మందుల సిస్టరమ్మ. పొట్టిగా ఉండేది. చేతులు మాత్రం మొరటుగా, పొలంలో పనిచేసే ఆడమనిషి చేతుల్లా ఉండేవి. పొద్దున్న దెబ్బలకు కట్లు కట్టేది, మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తిప్పేది. తెలుగు మా వంటమ్మ దగ్గర నేర్చుకున్నదట, అందుకని అచ్చం మాలాగే మాట్లాడేది. "ఏటే గుంటా, బేగి రా" అని ఆ తెల్లని నోటినుంచి వినపడితే కొత్తగా చేరిన పిల్లలు నోళ్లు తెరిచి చూసేవాళ్లు.

బడిలో నాకు ఒక స్నేహితురాలు దొరికింది. సంతవీధిలో బట్టలకొట్టు షావుకారు గారి అమ్మాయి. వాళ్లు విజయనగరం వైపునుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆ అమ్మాయి రోజుకో రంగు రిబ్బను కట్టుకొచ్చేది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, బెంచీ మీద నా పక్కనే కూర్చునేది. ఆ చోటు పోతుందేమోనన్న భయంతో నేను అబద్ధాలు మొదలుపెట్టాను. మా నాన్న అడవి ఆఫీసులో పనిచేస్తాడన్నాను. మాది పెంకుటిల్లన్నాను. ఒక అబద్ధం నిలబడాలంటే పక్కన ఇంకొకటి పెట్టాల్సి వచ్చేది. చివరికి మా ఇంట్లో పనిమనిషి కూడా ఉందని చెప్పేశాను.

అది నాకు పదేళ్లప్పటి వానాకాలం. కొండల మీద ఆ నెలల్లో ఇంట్లో గింజలు నిండుకుంటాయి. అప్పుడు మమ్మల్ని ఆదుకునేవి మామిడి టెంకలు. ఎండాకాలంలో దాచిన టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని దంచి, ఆ పిండిని గెడ్డలో పారే నీళ్లలో రెండు మూడు రోజులు నానబెడితే చేదు విరుగుతుంది. దానితో అంబలి కాస్తారు, రొట్టె కాలుస్తారు. ఒక సంతరోజు అమ్మ నాకోసం టెంకపిండి రొట్టెలు చేసి, అడ్డాకుల్లో చుట్టి, వానలో తడుస్తూ హాస్టలు గేటు దాకా వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి బడి విడిచిన వేళ. నేను, షావుకారు గారి అమ్మాయి చేయీ చేయీ పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాం. అమ్మ చీర మోకాళ్ల దాకా బురద. తలమీద తాటాకు గిడుగు. నన్ను చూసి నవ్వింది.

"ఎవరే ఆవిడ?" అని అడిగింది నా స్నేహితురాలు.

"మా ఇంట్లో పనిమనిషి," అన్నాను.

అమ్మకు వినపడింది. వినపడలేదని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను కానీ, వినపడింది. ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా స్నేహితురాలి వైపు తిరిగి, "అవునమ్మా. ఈ గుంటకి ఆళ్లమ్మ రొట్టెలు పంపింది. ఇచ్చీసి ఎల్లిపోతాను," అంది. పొట్లం నా చేతిలో పెట్టింది. ఎప్పటిలా నా తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. గిడుగు సర్దుకుని సంత వైపు వెళ్లిపోయింది.

నేను ఆ పొట్లాన్ని ఎవరూ చూడకుండా చేతులు కడుక్కునే తొట్టి వెనక దాచేశాను. తలెత్తితే మందులగది కిటికీలో సిస్టరమ్మ నిలబడి ఉంది. గేటు దగ్గర జరిగిందంతా ఆమె చూసిందని అర్థమైంది. పిలిచి తిడుతుందని ఎదురుచూశాను. ఆమె కిటికీ దగ్గరనుంచి వెళ్లిపోయింది, అంతే.

ఆ సాయంత్రం బడి అయ్యాక వాన ఆగలేదు. ఇళ్లకు వెళ్లాల్సిన పిల్లలు కూడా మా హాలులోనే ఆగిపోయారు, వాళ్లలో షావుకారు గారి అమ్మాయి కూడా ఉంది. మందుల సిస్టరమ్మ ఒక పళ్లెంతో వచ్చింది. అందులో చిన్నచిన్న ముక్కలు చేసి, వేడిచేసిన రొట్టె. ఎక్కడిదో నాకు తెలుసు. నేను గోడవైపు జరిగాను.

"మా ఊర్లో నా సిన్నప్పుడు ఇలాటి రొట్టే తినీవోళ్లం. తినండి," అంది.

తెల్లవాళ్ల ఊరి రొట్టె అనేసరికి పిల్లలంతా ఎగబడ్డారు. కొంచెం వగరుగా ఉందని ఒకళ్లు, పొగవాసన బాగుందని ఇంకొకళ్లు. షావుకారు గారి అమ్మాయి రెండో ముక్క అడిగి తీసుకుంది. అందరూ తిన్నాక సిస్టరమ్మ చేతులు తుడుచుకుని, "ఇది మన కొండల మీద మామిడి టెంకల పిండి," అంది. ఎవరింటినుంచి వచ్చిందో ఆమె చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

గోడకు యూరప్ పటం వేలాడుతుండేది. దాని ముందు నిలబడి సిస్టరమ్మ తన దేశం చూపించింది. బూటు ఆకారంలో సముద్రంలోకి దిగి ఉంది. ఆ బూటు పైభాగంలో ఫ్యాక్టరీలు, బ్యాంకులు, పెద్ద పట్నాలు ఉన్నాయట. అడుగున, కాలివేళ్ల దగ్గర, కొండ మీద ఆమె ఊరు. అక్కడ గోధుమలు పండితే జమీందారు ఇంటికి పోయేవట. వీళ్లకు మిగిలేవి అడవిలో దొరికే ఒకరకం కాయలు. ముళ్ల తొక్కలో ఉంటాయి. వాటిని పొగబెట్టి ఎండించి, పిండి పట్టి రొట్టె చేసుకునేవారు. చలికాలమంతా అదే తిండి. పదకొండేళ్లు వచ్చేదాకా తన కాళ్లకు బూట్లు లేవని చెప్పింది.

"మీకు బూట్లు నేవా సిస్టరమ్మా?" అని ఎవరో అడిగారు.

"నేవు. నానూ కొండ గుంటనే," అంది ఆమె నవ్వుతూ.

తర్వాత ఆమె వేలు పటం మీద పైకి జరిగింది. ఇదిగో బెల్జియం, మా నాన్న ఇక్కడ బొగ్గుగనిలోకి దిగడానికి పోయాడంది. అక్కడినుంచి కొంచెం కిందకు జరిపి, ఇది పెద్ద సిస్టరమ్మ దేశం స్విట్జర్లాండ్, మా ఊరి మగవాళ్లు అక్కడ రోడ్లు వెయ్యడానికి పోతే, పని అయిపోగానే వెనక్కి పంపేసేవారు, పెళ్లాం బిడ్డల్ని తెచ్చుకోనిచ్చేవారు కాదు అంది. తను మేనత్తతో కలిసి తమ దేశంలోనే పై పట్నానికి పనికి పోతే, కింది ప్రాంతంవాళ్లకు ఇళ్లు అద్దెకివ్వం అని తలుపులు వేసుకున్నారట. వాళ్ల యాస వింటే నవ్వేవారట. ఒకే దేశం, ఒకే రంగు, ఒకే దేవుడు. అయినా నవ్వేవారట.

పటంలో ఆ చోట్లన్నీ నాలుగు వేళ్ల ఎడంలో ఉన్నాయి. ఇంత దగ్గర దగ్గరగా ఉన్నవాళ్ల మధ్య అంత దూరం ఎలా వచ్చిందో నా బుర్రకు అందలేదు. కానీ సిస్టరమ్మ అవన్నీ చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో సిగ్గు ఎక్కడా కనపడలేదు. నేను చూసింది అదే.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మందుల సంచీ భుజాన వేసుకుని నా దగ్గరకు వచ్చింది. "మీ ఊర్లో జరాలున్నాయంట. దారి సూపిత్తావేటి?" అని అడిగింది. ఎందుకు అడుగుతున్నదో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరం తుంపరలో తడుస్తూ కొండ ఎక్కాం. మొదటి కొండ దాటాం. గెడ్డ దగ్గర రాయి మీద కూర్చున్నప్పుడు ఏడుపు వచ్చేసింది. అప్పుడు కూడా ఆమె గేటు ఊసు ఎత్తలేదు. తన సంగతి ఇంకొకటి చెప్పింది.

ఆమె చేరిన మఠంలో సిస్టర్లు రెండు రకాలుగా ఉండేవారట. ఇంటినుంచి ఆస్తి తెచ్చుకున్న ఆడపిల్లలు చదువుకునేవారు, పాడేవారు. ఏమీ తేలేని పిల్లలు వంటింట్లో, పశువులశాలలో పనిచేసేవారు. ముసుగు కూడా వేరే రంగు, భోజనం బల్లా వేరు. ఈమెది వంటింటి ముసుగు. తర్వాత ఆ పద్ధతి తీసేశారట. "ఇక్కడికొచ్చిన మొదటి దినం బల్ల దగ్గర ఎక్కడ కూకోవాలో తెల్లక నిల్చుండిపోయాను. పెద్ద సిస్టరమ్మ నా కంచం అట్టుకెళ్లి ఆవిడ పక్కన పెట్టుకుంది," అంది. ఆ నిటారు మనిషికి గర్వమని అప్పటిదాకా నేను అనుకున్నది కూడా ఆ రాయి దగ్గరే మారిపోయింది.

మా ఇంటికి చేరేసరికి అమ్మ వాకిట్లో అడ్డాకులు కుడుతోంది. సిస్టరమ్మ జ్వరాలు చూస్తానని ముందే పక్కింటికి వెళ్లిపోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అమ్మే లేచి వచ్చి నా తడి జడ విప్పి తుడవసాగింది. నేను వెక్కుతూ ఏదో అనబోయాను.

"ఊరుకోయే. నానే అనీసినాను గదా, పనిమనిసినని," అంది అమ్మ. "నాను అమ్మనంటే ఆ గుంట నీ పక్కన కూకోవడం మానేత్తాదేమోనని. నీకు సదువుకాడ తోడుండాల."

నేను చేసిన తప్పును ఆమె తన మీద వేసుకుని, దాన్నొక మంచిపనిలా చెబుతోంది. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. సిస్టరమ్మ తిరిగి వచ్చాక ముగ్గురం కింద కూర్చుని అంబలి తాగాం. సిస్టరమ్మ రెండోసారి పోయించుకుంది. అమ్మ ఆమె చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి పనిసేసిన సేతులే," అంది. అమ్మకు అంతకన్నా పెద్ద మెప్పు తెలియదు.

మరుసటి సంతరోజు నేను గేటు దగ్గర కాచుకుని ఉన్నాను. అమ్మ రాగానే చెయ్యి పట్టుకుని బడి వరండాలోకి లాక్కెళ్లాను. ఆమె రానని కాళ్లు బిగబట్టింది. అయినా వదల్లేదు. షావుకారు గారి అమ్మాయి ముందు నిలబెట్టి, "మా అమ్మ," అన్నాను. నాన్నకు ఆఫీసు లేదని, పోడు చేస్తాడని, మాది పెంకుటిల్లు కాదని అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. బెంచీ మీద చోటు పోతే పోనీ అనుకున్నాను.

ఆ అమ్మాయి అమ్మను, నన్ను మార్చి మార్చి చూసింది. "నాకు ఆ రోజే తెలుసు. మీ ఇద్దరిదీ ఒకటే ముక్కు," అంది. తర్వాత అమ్మతో, "మళ్లీ ఎప్పుడు చేస్తారండీ రొట్టె?" అని అడిగింది. మా అమ్మను 'అండీ' అని పిలిచిన మొదటి మనిషి ఆ పదేళ్ల పిల్లే.

నేను చదువుకుని సోషల్ టీచరునయ్యాను. ముప్పై ఏళ్లు ఏజెన్సీ బడుల్లోనే పనిచేశాను. యూరప్ పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్న నదులు, రాజధానులు చెప్పాక, ఒకే ఖండంలో ఎవరి ఇంటికి ఎవరు పనికి పోతారో కూడా చెప్పేదాన్ని. పిల్లలు నమ్మేవారు కాదు. అప్పుడు సిస్టరమ్మ ఊరి సంగతి చెప్పేదాన్ని. ఆమె తన దేశానికి తిరిగి వెళ్లలేదు. మా కొండ కిందే కన్నుమూసింది. మా అమ్మ ఆ రోజు కొండ దిగి వచ్చి, సొంత చెల్లెలు పోయినట్టు ఏడ్చింది.

నా దగ్గర చదువుకున్న ఒక సవర తెగ అమ్మాయి ఇప్పుడు జర్మనీలో ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సుగా ఉంది. అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తుంది. కిందటి వేసవిలో ఒకసారి, "టీచర్, నాతో పాటు గదులు కడిగే ఆవిడ రొమేనియా ఆవిడ. మీ ఊరేది అంటే తల దించుకుంటది. చెప్పదు. నేనేటైనా తప్పుగా అడిగేనా?" అంది. తప్పేమీ లేదమ్మా, ఈసారి అడగకు, ముందు నీ ఊరి సంగతి చెప్పు అన్నాను.

పది రోజులకు మళ్లీ ఫోన్ చేసింది. టీ తాగేటప్పుడు ఆవిడకు తన ఊరి గురించి చెప్పిందట. కరెంటు ఎప్పుడొచ్చిందో, చెప్పుల్లేకుండా బడికి ఎంతదూరం నడిచిందో చెప్పిందట. ఆవిడ అంతా విన్నదట. తర్వాత తన ఫోన్ తీసి ఏడేళ్ల కూతురి ఫొటో చూపించిందట. పిల్ల అమ్మమ్మ దగ్గర పల్లెలో ఉంటుందని, ఏడాదికొక్కసారి చూస్తానని, ఆ పల్లె పేరు ఇదని చెప్పిందట. "ఇప్పుడు భోజనానికి ఇద్దరం కలిసే కూర్చుంటున్నాం టీచర్," అంది.

ఫోన్ పెట్టేశాక నాకు సిస్టరమ్మ గుర్తొచ్చింది. ఆ వానరోజు నన్ను పిలిచి నిలదీసే హక్కు సిస్టరమ్మకు ఉంది. ఆమె నా లేమిని బయటపెట్టలేదు. ముందు తన లేమిని తీసి అందరి ముందూ పెట్టి, నాకు నా ఊరి పేరు చెప్పుకునే ధైర్యం ఇచ్చింది. ఈరోజుకీ నా ఎదుట ఎవరైనా తమది ఏ ఊరో చెప్పడానికి తడబడితే, నేను రెండోసారి అడగను. మాది రెండు కొండల అవతల జాతాపు ఊరు అని మొదలుపెడతాను.