తిమింగలం దవడ, ఎలుక పళ్లు

మ్యూజియంలో అందరూ ఆవిణ్ణి తిమింగలమత్త అనేవారు. గది పొడవునా వేలాడే తిమింగలం అస్థిపంజరాన్ని దులిపి తుడవడం ఆవిడ పని. నిచ్చెనెక్కి, పక్కటెముకల మధ్య దూరి, దానితో కబుర్లు చెబుతూ తుడిచేది. పిల్లలొస్తే చాలు, "జరగండర్రా, మీద పడుతోంది!" అని హడలగొట్టడం ఆవిడకో సరదా. అంతటి గుండెదిటవు మనిషికీ ఎలుక తోక కనబడితే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. ఎలుక ఊసొస్తే పరాచికాలన్నీ బంద్.

అందుకే అటక మీద ఎలుక పెంటికలు చూసి కూడా నోరు మెదపలేదు. చెబితే "నువ్వే ఎక్కి తరుము" అంటారని భయం. ఆ అటక దూలానికే తిమింగలం కింది దవడను మోకుతో కట్టారు, తుప్పు పట్టిన కడ్డీ మార్చేదాకా.

ఆ రోజు వచ్చిన బడిపిల్లల్లో ఆవిడ కూతురి కూతురూ ఉంది. గైడు అందరినీ సరిగ్గా దవడ కిందే నిలబెట్టి, గాజుపెట్టెలోని చిట్టెలుక అస్థిపంజరం చూపించాడు.

"అదెక్కడ, ఇదెక్కడ! అయినా రెండూ పిల్లలకి పాలిచ్చేవే. మెడలో రెంటికీ ఏడేసి ఎముకలే. కావాలంటే లెక్కపెట్టండి."

పిల్లలు తలలెత్తారు. మనవరాలి నుదుటి మీద సన్నటి పీచు రాలింది, ఆ వెనకే ఇంకోటి. మోకు పీచు! గుమ్మం దగ్గరున్న అత్త చేతిలోని గుడ్డ వదిలేసి అరిచింది.

"జరగండర్రా, మీద పడుతోంది!"

పిల్లలు కిలకిలా నవ్వారు. "మా అమ్మమ్మ ఎప్పుడూ ఇంతే," అంది మనవరాలు గర్వంగా. గైడు కూడా నవ్వేశాడు. "బావుందత్తా, రోజూ ఇదే పాటా?"

పైన మోకు పురి విడిపోతూ మెల్లగా తిరుగుతోంది. దేవుడా, వీళ్లను కదిలించడం ఎలా?

"ఎలుక!" గొంతు చిరిగేలా అరిచింది. "ఎలుకర్రోయ్! మీ కాళ్ల దగ్గరే!"

ఎలుక విషయంలో ఆవిడ నవ్వులాటకు అరవదని అందరికీ తెలుసు. అందరికంటే ముందు గైడే ఎగిరి దూకాడు. పిల్లలు కెవ్వుమంటూ గుమ్మం వైపు పరిగెత్తారు. వాళ్ల వెనక దవడ దబ్బున కూలి, నేల అదిరింది.

మనవరాలిని అత్త గుండెలకు హత్తుకుంది. తెగిన మోకుతోపాటు కిందపడ్డ ఎలుక ఒకటి ఆవిడ పాదాల మీదుగానే పారిపోయింది. ఆవిడ కదల్లేదు.

"అమ్మమ్మా, నిజంగానే ఎలుక!"

గైడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఎంత గండం తప్పిందత్తా! ఇంతకీ దాన్నెప్పుడు చూశావు?"

అత్త మనవరాలిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "దాని జాడ చూసి చాన్నాళ్లయింది బాబూ. భయపడి చెప్పలేదు."