ఇసుక సద్దుమణిగేదాకా

రిటైరయ్యాక అల్లవరం దగ్గర ఇల్లు మొదలుపెట్టాను. రొయ్యల చెరువుల పక్క మెత్తటి నేల. తాపీ మేస్త్రిగారు పునాది గోడల మధ్య ఇసుక నింపించి, నీళ్ళు పట్టించి, దాని మీద మా ధాన్యం బస్తాలు పేర్పించారు. "బరువుకి ఇసుక నలిగి సర్దుకోవాలండి. చప్పుడు ఆగేకే గచ్చు" అన్నారు.

ఇసుకలోకి దిగ్గొట్టిన ఇనప ఊచకి రోజూ పొద్దున్నే చెవి ఆనించేవారు. లెక్కల మాస్టారిని, ఇలాంటివి నమ్ముతానా? నేనూ ఆనించాను. నిజమే! పెనం మీద ఉప్పు వేయించినట్టు చిటపటలు. ఆ తర్వాత వినే పని ఆయనకే వదిలేశాను.

నెల దాటింది. "ఆయ్, ఇంకా నలుగుతుందండి మేష్టారూ." రోజూ అదే మాట. మేమేమో అద్దెకు తీసుకున్న ఒంటి గదిలో, పొయ్యి పక్కన మంచం, మంచం కింద సామాన్లు. "ఇసుకతో కబుర్లయ్యేయాండీ?" అని మా ఆవిడ దెప్పేది. నాకసలే ముక్కు మీద కోపం. అయినా మేస్త్రిగారిని ఏమీ అనలేకపోయేవాణ్ణి. నేను మాట్లాడుతున్నంతసేపూ నా మొహం మీంచి చూపు తిప్పేవారు కాదు. నా సర్వీసు మొత్తంలో ఏ విద్యార్థీ నా మాట అంత శ్రద్ధగా వినలేదు. దానికే మురిసిపోయాను.

ఒకరోజు ఆయన కళ్ళు మూసుకుని ఊచకి చెవి ఆనించి ఉండగా, వెనక రేకుల షెడ్డు మీద కొబ్బరికాయ పడింది. నేను ఎగిరి గంతేశాను. ఆయన కదల్లేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, "చిన్నగా నలుగుతుందండి" అన్నారు.

గబగబా వెళ్ళి నేను చెవి ఆనించాను. ఏ చప్పుడూ లేదు. ఎన్నాళ్ళ కిందట ఆగిపోయిందో! కోపంగా తలెత్తేసరికి, నా మొహం చూసి ఆయనకు అంతా అర్థమైపోయింది.

"చెవులు పోయి ఏడాదయ్యిందండి. మొహాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఆగిందో లేదో తెలీనప్పుడు ఆగలేదనడమే మంచిదనుకున్నానండి. తొందరపడితే మీ గచ్చు కుంగిపోద్ది కదండీ." ఊచ మీద చెయ్యి వేసి, "ఇది బయటపడితే ఇంక నన్నెవరు పిలుస్తారండి?" అన్నారు.

తిట్టడానికి తెరిచిన నోటితోనే, "ఆగిందండీ, గచ్చు వేసెయ్యండి" అన్నాను, ఒక్కో మాటా విడదీసి.

గచ్చు వెంట్రుకవాసి కూడా కుంగలేదు. ఇప్పుడు ఆయన ఎక్కడ పని పట్టినా నన్ను వెంట రమ్మంటారు. బండి మాత్రం నేనే నడుపుతాను, దారిలో బస్సుల హారన్లున్నాయి కదా. ముందు ఆయన ఊచకి చెవి ఆనిస్తారు, తర్వాత సరదాకన్నట్టు నేను. చప్పుడుంటే కళ్ళజోడు తుడుచుకుంటాను. లేకపోతే ఊరుకుంటాను.

మొన్న ముమ్మిడివరంలో ఒక ఇంటాయన మేస్త్రిగారి వెనకాల నిలబడి, మెచ్చుకోలుగా, "ఈ వయసులో ఏం చెవులండీ మేస్త్రిగారూ!" అన్నారు. మేస్త్రిగారికి ఆ మాట అందలేదు. ఇసుక వంకే చూస్తున్నారు.

నేను వెళ్ళి ఆయనకు ఎదురుగా నిలబడి, ఆ మాటే నెమ్మదిగా, పెదవులు బాగా కదిపి, మళ్ళీ చెప్పాను.