హద్దు చెట్లకు రంగేసే మనిషి

హార్లో మిల్స్ ఊళ్లో ఆరిన్ పింకమ్‌తో పేచీ పెట్టుకునే వాళ్లెవరూ లేరు. పెట్టుకుని లాభం లేదని అందరికీ తెలుసు. మంచు కరిగి బురద ఆరీ ఆరకముందే ఆయన పసుపు రంగు డబ్బా, గొడ్డలి పట్టుకుని అడవిలోకి దిగేవాడు. ఊరి భూసంరక్షణ ట్రస్టు కాపాడుతున్న అడవులకీ పచ్చిక బయళ్లకీ హద్దు చెట్లున్నాయి. వాటి మీద వెలిసిపోయిన గుర్తులకు మళ్లీ రంగు పూయడం, హద్దు లోపల ఎవరైనా ఏదైనా కట్టారా, చెట్లు నరికారా అని చూసి రావడం ఆయన పని. జీతం లేదు. ఆ ట్రస్టులో ఎవరికీ జీతాల్లేవు. చర్చి కింది గదిలో బీన్స్ విందులు పెట్టి, ఆపిల్ పైలు అమ్మి నడుపుకుంటారు.

నది వంపులో ఉన్న పచ్చిక ఒకప్పుడు ఆరిన్‌దే. భార్య వెర్నా చనిపోయిన ఏడు దాన్ని ట్రస్టుకు రాసిచ్చేశాడు. ఇక అక్కడ ఎవరూ, ఎన్నటికీ, ఏ గూడూ కట్టకూడదని, కాపురం ఉండకూడదని షరతు. గడ్డిలో గూళ్లు పెట్టే బాబోలింక్ పిట్టలంటే వెర్నాకు ప్రాణం; ఆ పచ్చిక వాటికే వదిలేయాలని కోరేది. రాసిచ్చే రోజు ట్రస్టు పెద్ద ప్రిసిల్లా గోవ్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆవిడ ఊళ్లో సగం మందికి చదువు చెప్పిన పంతులమ్మ.

"రోడ్డు పక్కన ఒక మూల మీకోసం అట్టే పెట్టుకోండి ఆరిన్. అందరూ అలాగే చేస్తారు. రేపు అవసరం పడితే?"

"ఎవరికి అవసరం? నాకేమన్నా పిల్లలా జెల్లలా? ఇస్తే మొత్తం ఇస్తాను."

తమ్ముడు రాయిస్ అప్పటికి ఎక్కడో చేపల పడవల మీద ఉన్నాడు. వాడు ఆ పూట ఆరిన్‌కు గుర్తే రాలేదు.

ఏళ్ల తర్వాత ఓ సెప్టెంబరులో రాయిస్ తిరిగొచ్చాడు. తుంటి ఎముక పాడై కుంటుతున్నాడు. వెంట ఓ ముసలి కుక్క, చక్రాల మీది ఇల్లు లాంటి ఓ పాత ట్రైలర్ బండి. ఆరిన్ అప్పటికే ఇల్లమ్మేసి ఇనుప సామాన్ల కొట్టు మీద అద్దె గదుల్లో ఉంటున్నాడు. ఆ మెట్లు రాయిస్ ఎక్కలేడు. పైగా ఇంటాయన కుక్కను రానివ్వడు. రాయిస్ ఎవర్నీ అడక్కుండా ట్రైలర్‌ను పచ్చికలోకి లాగించి, స్ప్రూస్ చెట్ల చాటున నిలిపాడు.

"ఇక్కడ గాలి తగలదన్నా," అన్నాడు. "చిన్నప్పుడు నాన్న చేత తన్నులు తప్పించుకోడానికి ఇక్కడే దాక్కునేవాణ్ణి. నువ్వేగా పట్టిచ్చేవాడివి!"

"తన్నులు తినే పనులు చేసింది నువ్వు."

"చేసింది నేనే, చెప్పింది నువ్వే. పుణ్యమంతా నీదే పో."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ శరత్కాలమంతా ఆదివారం పూట ఆరిన్ బీన్స్ గిన్నె పట్టుకెళ్లి ట్రైలర్ మెట్టు మీద కూర్చుని తమ్ముడితో తినేవాడు. ఊరి హద్దులన్నీ కాసే మనిషి తన పచ్చికలో నిలిచిన ఆ బండిని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వెర్నా పోయాక ఆయన అంత సంతోషంగా ఉన్నది ఆ రెండు నెలలే.

నవంబరులో థెల్మా హాస్కెల్ ఆయన్ని కొట్టు ముందు ఆపింది. ఆవిడ తన పొలాన్ని కూడా ట్రస్టు షరతు కిందే పెట్టింది. ఒకప్పుడు హద్దుకు రెండడుగులు లోపల కోళ్ల గూడు కట్టుకుంటే, ఆరిన్ స్వయంగా గొడ్డలితో కూల్చాడు.

"నది వంపులో పొగ లేస్తోంది, ఆరిన్. నీకు కనపళ్లేదా?"

ఆరిన్ పక్కకు తప్పుకుని వెళ్లబోయాడు.

"నా కోళ్లు అరుస్తుంటే నీకు జాలేసిందా ఆ రోజు? రూలంటే రూలన్నావు. మరి ఆ రూలు మీ తమ్ముడికి లేదా?"

ఆయన ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రమే ప్రిసిల్లా ఇంటికెళ్లి సంగతంతా తనే చెప్పేశాడు.

"తెలుసు," అంది ఆవిడ. "మాకందరికీ తెలుసు. ఈ చలికాలం గడవనివ్వండి. బురద ఆరాక ఏదో ఒక చోటు చూద్దాం."

"థెల్మాకు గడువిచ్చానా నేను?"

"కోళ్లూ మనిషీ ఒకటేనా, ఆరిన్?"

"రూలు ఒకటే."

ఆవిడ బతిమాలింది. మరీ చెప్పాలంటే కసిరింది కూడా. వినలేదు. ఊరు తనని వేలెత్తి చూపడం ఆయన భరించలేడు. తమ్ముడి చలి కన్నా ఆ వేలే ఆయనకు పెద్దదైంది. మర్నాడు ట్రాక్టరు తెచ్చి, ట్రైలర్‌ను తగిలించి, ఊరవతల కంకర తవ్విన మైదానానికి లాక్కెళ్లాడు. అక్కడ చెట్టూ చేమా లేవు. రాయిస్ కుక్కను ఒళ్లో పెట్టుకుని ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు.

"మళ్లీ పట్టిచ్చావు కదన్నా," అన్నాడు. ఈసారి ఇద్దరూ నవ్వలేదు.

జనవరిలో మూడు రోజులు వదలకుండా ఈదురుగాలి, మంచు. చలిగాలి లోపలికి దూరుతుంటే రాయిస్ పొగ పోయే సందుల్లో పాత గుడ్డలు కుక్కి, పొయ్యి రగిలించుకుని పడుకున్నాడు. దారి తెరిచాక బీన్స్ గిన్నెతో వెళ్లిన ఆరినే తలుపు తీశాడు. మనిషీ కుక్కా పొగకు ఊపిరాడక ఒక్క దుప్పటి కిందే పోయారు.

థెల్మా ఏడుస్తూ వచ్చింది. "ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది," అంది.

"నువ్వన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు ఆరిన్. "వసంతం దాకా ఉండనివ్వమని ప్రిసిల్లా చెప్పింది. కాదన్నది నేను. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను."

ఊళ్లో ఎవరూ ఆ మాటను కాదనలేదు, అవునని కూడా అనలేదు.

వసంతంలో ఎప్పటిలాగే రంగు డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ట్రైలర్ నిలిచిన చోట గడ్డి పాలిపోయి, చక్రాల జాడలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. రాయిస్ బూడిదను అక్కడే చల్లాలని ఆయన కోరిక. ప్రిసిల్లాను అడిగాడు.

"దానికి ఏ రూలూ అడ్డు రాదు," అందావిడ, ఆయన కళ్లలోకి చూడకుండా.

ఆయన చేతులాడక ఒకటి రెండు వారాలని వాయిదా వేస్తూ వచ్చాడు. జూన్‌లో బూడిద డబ్బా పట్టుకుని వెళ్లేసరికి గడ్డి నడుం దాకా లేచింది. పిట్టలు గూళ్లు పెట్టి, తల మీదుగా ఎగురుతూ కూస్తున్నాయి. స్ప్రూస్ చెట్ల చాటున ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పాయలు తీసి వెతికాడు. చక్రాల జాడ లేదు, పొయ్యి మసి లేదు, పాలిపోయిన గడ్డి లేదు. వెర్నా కోరినట్టు, తను రాసిచ్చినట్టు, అక్కడ ఏ మనిషీ ఎన్నడూ ఉన్న గుర్తే లేదు.

వానకు కొట్టుకుపోయిన హద్దు గుర్తును కూడా చెట్టు చెట్టూ తడిమి పట్టుకునే ఆరిన్ పింకమ్‌కు తమ్ముడు బతికిన ఆ కాస్త జాగా దొరకలేదు. డబ్బా చంకలో పెట్టుకుని, పిట్టల గూళ్లు తొక్కకుండా చూసుకుంటూ వెనక్కి నడిచాడు.